నేలకింది లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కింద సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, ఈసారి పొగడ్తల ఉపన్యాసాలు వద్దనుకున్నం. ఎవరి పని గురించి వాళ్లు చెప్పాలె. పిల్లలకు పనికొస్తది" అన్నాడు. నేను ముప్పై నాలుగేళ్లు చేసింది ఒకటే పని. నేల కింద బొగ్గు ఎక్కడ ఉందో, ఎంత ఉందో లెక్కగట్టడం. అందుకని ఆ లెక్క గురించే మాట్లాడతాను. చివర్లో నేను తప్పిన ఒక లెక్క కూడా చెబుతాను.

మనది బొగ్గు ఊరు. మా క్లాసులో సగం మంది బాయిపని చేసేవాళ్ల పిల్లలమే. మా నాయన కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టుకుని దిగి, టబ్బులు నింపి, నల్లటి మొహంతో ఇంటికి వచ్చేవాడు. బొగ్గు అంటే మాకు కూలి, రేషన్, క్వార్టర్, బోనస్. అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలని తోచేది కాదు. రిటైరై ఊరికి వచ్చాక మాత్రం అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు. పెళ్లిలో పక్కన కూర్చున్నవాళ్లు, మంగలి షాపులో, బస్సులో. "ఇంకెన్నేండ్లు ఉంటది సారూ బొగ్గు?" ఈ ప్రశ్న వెనక ఉన్నది కుతూహలం కాదు. కొడుకును ఐటీఐలో వేయాలా, ఇక్కడ ఇల్లు కట్టుకోవాలా అన్న ఆలోచన. కాబట్టి జవాబు జాగ్రత్తగా చెప్పాలి.

ముందు కొంచెం చరిత్ర. భద్రాచలం వెళ్లే యాత్రికులు వంటకు మూడు రాళ్లు పెడితే ఆ రాళ్లే అంటుకున్నాయని పెద్దలు చెప్పుకునే కథ మీకు తెలుసు. కాగితం మీద ఉన్నది 1871. ఆ సంవత్సరం భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. మనవాళ్లు 'కింగ్ సీము' అని పిలిచే పొరకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. కింగ్ ఉన్నాక క్వీన్ ఉండాలి కదా, ఇంకో పొర 'క్వీన్ సీము' అయింది. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ వాటా కొన్నది. ఇల్లందును 'బొగ్గుట్ట' అని ఎందుకు అంటారో ఇక చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు చరిత్ర. సుమారు 27, 28 కోట్ల ఏళ్ల కింద మన దేశం ఇప్పుడున్న చోట లేదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాతో కలిసి దక్షిణాన ఒకే పెద్ద భూఖండంగా ఉండేది. దానికి గోండ్వానా అని పేరు. మన గోండుల పేరే ప్రపంచమంతటి భూగర్భశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది. మొదట అంతా మంచు. ఆ హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన బండరాళ్లు తాల్చీర్ అనే పొరలో ఇప్పటికీ కనిపిస్తాయి. మంచు కరిగాక నదులు, చిత్తడి నేలలు, అడవులు వచ్చాయి. నాలుక ఆకారం ఆకులుండే గ్లాసాప్టెరిస్ అనే చెట్టు విపరీతంగా పెరిగింది. కూలిన చెట్లు, రాలిన ఆకులు బురదనీటిలో గాలి ఆడక కుళ్లకుండా పేరుకున్నాయి. మీద ఇసుక పడింది, మళ్లీ అడవి వచ్చింది, మళ్లీ ఇసుక పడింది. ఆ బరువుకు, లోపలి వేడికి అడవి బొగ్గయింది, ఇసుక ఇసుకరాయి అయింది. మన బొగ్గు ఎక్కువగా ఉండే ఆ పొరల వరుసను బరాకర్ అంటాం.

1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర పదహారు కిలోల దాకా రాళ్లు దొరికాయి. చావు దగ్గరపడినా వాళ్లు వాటిని పారేయలేదు. వాటిలో గ్లాసాప్టెరిస్ ఆకుల శిలాజాలు ఉన్నాయి. అవే ఆకులు మన బాయి కప్పురాళ్ల మీద అచ్చుపడి ఉన్నాయి. మా నాయన టోపీ లైటు వెలుగులో రోజూ వాటి కిందే పనిచేశాడు.

ఈ పొరలు నేల కుంగిన ఒక పొడుగాటి లోయలో నిలిచి మిగిలాయి. అదే ప్రాణహిత-గోదావరి లోయ. మన రాష్ట్రంలో బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం, సత్తుపల్లి వరకు సుమారు 350 కిలోమీటర్లు. అటు దక్షిణాన ఆంధ్రప్రదేశ్‌లోని చింతలపూడి వైపు కూడా నేల లోపల సాగుతుంది. నేల కుంగిందంటే పగుళ్లు తప్పవు. ఆ పగుళ్ల వెంట ఒక పక్క కిందికి జారుతుంది. దాన్నే 'ఫాల్ట్' అంటాం. ఈ మాట గుర్తుంచుకోండి.

సరే, బొగ్గు ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? చూడటానికి మాకున్న కన్ను బోరు ఒక్కటే. వజ్రపు బిట్టు బిగించిన గొట్టాన్ని తిప్పుకుంటూ దింపితే, గొట్టం లోపలికి రాయి కడ్డీలాగా వస్తుంది. దాన్ని 'కోర్' అంటాం. మందం మన చేతికర్రంత. దాన్ని లోతు వరుసలో చెక్కపెట్టెల్లో పేర్చి, మీటరు మీటరుకు చూసి రాసుకుంటాం. ఇసుకరాయి, షేలు, బొగ్గు, మధ్యలో మట్టి బ్యాండు. రెండు ఊళ్ల మధ్య నేలను చేతికర్రంత రంధ్రాలు పదో పదిహేనో పెట్టి చూసి చెప్పాలి. మా ఉద్యోగం అంతే.

కోరు మొత్తం పైకి రాదు. బొగ్గు పెళుసు. నలిగి నీళ్లతో కొట్టుకుపోతుంది. మూడు మీటర్ల పొరలో 2.4 మీటర్లే చేతికి వచ్చిందనుకోండి. పోయిన 60 సెంటీమీటర్లు బొగ్గా, మట్టా? అందుకని బోరు పూర్తయ్యాక అందులోకి పరికరాలు దింపి గామా, సాంద్రత, విద్యుత్ నిరోధం కొలుస్తాం. షేలుకు గామా ఎక్కువ. బొగ్గుకు గామా తక్కువ, సాంద్రత తక్కువ, నిరోధం ఎక్కువ. ఆ గీతలు చూసి పోయినదేమిటో చెబుతాం.

ఇప్పుడు పిల్లలు వేళ్ల మీద చేయగలిగే లెక్క. విస్తీర్ణాన్ని మందంతో గుణించండి, వచ్చినదాన్ని సాంద్రతతో గుణించండి. రెండు చదరపు కిలోమీటర్లు, మూడు మీటర్ల పొర. మన బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి సాంద్రత ఒకటిన్నర వేసుకుందాం. 20 లక్షల చదరపు మీటర్లు, మూడుతో గుణిస్తే 60 లక్షల ఘనపు మీటర్లు, ఒకటిన్నరతో 90 లక్షల టన్నులు. ఏడో తరగతి లెక్క. ఇందాకటి 60 సెంటీమీటర్లు మట్టి అని తేలితే? 18 లక్షల టన్నులు పోయినట్టే. చేతికర్రంత రంధ్రంలో 60 సెంటీమీటర్లు చూసి లక్షల టన్నులు చెప్తున్నామన్నమాట.

మన లెక్కల మాస్టారు గుర్తున్నారా? జవాబు కరెక్టుగా ఉన్నా, ముందు 'ఉజ్జాయింపు' రాయకపోతే సగం మార్కులు కోసేవారు. ఒకసారి నేను నాలుగు దశాంశ స్థానాలు రాశానని, "చేను అడుగులతో కొలిచి, పంట గింజల్లో చెప్తావురా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. కంప్యూటర్లు వచ్చాక '45,12,437.26 టన్నులు' అని ప్రింటు వచ్చే రిపోర్టులు చూసినప్పుడల్లా ఆ మాటే వినిపించేది.

అందుకే టన్నులతో పాటు నమ్మకం ఎంతో కూడా చెప్పాలి. మన దేశంలో 1957 నుంచి ఒక పద్ధతి ఉంది. బోరు నుంచి 200 మీటర్ల లోపు ఉన్నది 'రుజువైనది'. అంటే బోర్లు 400 మీటర్లకు ఒకటి ఉండాలి. బోర్లు కిలోమీటరు, పొర తెగకుండా సాగుతుందని తెలిస్తే రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే 'సూచితం'. అంతకంటే పలచగా ఉంటే 'ఊహితం'. తర్వాత ఐక్యరాజ్యసమితి వర్గీకరణ వచ్చింది. అది మన మార్కుల జాబితా లాంటిది, మూడు సబ్జెక్టులు. తీస్తే గిట్టుబాటవుతుందా? తీసే పథకం ఎంతవరకు తయారైంది? భూగర్భ సమాచారం ఎంత గట్టిది? మూడింటిలోనూ ఒకటి వస్తే 111. మన మార్కులకు తిరగేసి, ఇక్కడ చిన్న అంకే గొప్ప.

ఇక నా తప్పు.

ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. పనిచేసే సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. సంతకం నాది. ఒక బ్లాకులో రెండు బోర్లు, ఒకదాని నుంచి ఇంకోటి 400 మీటర్లు, పొర వాలిన దిక్కునే. మొదటి దాంట్లో బొగ్గు 142 మీటర్ల దగ్గర తగిలింది. ఆ ప్రాంతంలో పొర ఎనిమిది మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలుతుంది. ఆ లెక్కన రెండో బోరులో 50 మీటర్లు దిగి, 192 దగ్గర తగలాలి. 228 దగ్గర తగిలింది. 36 మీటర్లు తేడా. 'ఇక్కడ వాలు ఎక్కువైంది' అని రాసుకుని, స్కేలు పెట్టి రెండు చుక్కలనూ ఒకే గీతతో కలిపాను.

మొదటి బోరు వేసేటప్పుడు డ్రిల్లరు నన్ను పిలిచాడు. మా నాయన ఈడువాడు, ఐదో తరగతి చదువు. నేను కాకా అనేవాణ్ని. "సారూ, 67 మీటర్ల కాడ నీళ్లన్నీ తాగేసింది. కోరు జూడుండ్రి, నలిగిపోయింది. ఈ ముక్క జూడుండ్రి, అద్దం లెక్క నున్నగున్నది" అని చేతిలో పెట్టాడు. నున్నటి ముఖం మీద ఒకే దిక్కుకు సన్నటి గీతలు. రాయి మీద రాయి జారిన గుర్తు అది. నాకు తెలియక కాదు. కానీ అది బొగ్గులో కాదు కదా, పైన ఇసుకరాయిలో కదా అనుకున్నాను. లాగు పుస్తకంలో 'డ్రిల్లింగులో విరిగినది' అని రాశాను. ఆ బోరులో పై పొరల మందం పక్క బోర్లకంటే తక్కువ పడింది. అదీ చూడలేదు. మధ్యలో ఇంకో బోరు వేస్తే తేలేది. ఇరవై రోజుల పని. రిపోర్టు ఇవ్వాల్సిన తేదీకి పది రోజులే ఉంది. బోర్ల దూరం 400 మీటర్లే కాబట్టి పుస్తకం ప్రకారం అది 'రుజువైనదే'. సంతకం పెట్టాను.

కొన్నేళ్లకు అక్కడ బాయి తెరిచారు. పొర వెంబడి దిగుతూ వెళ్లిన గ్యాలరీ, నా మొదటి బోరు దాటి 40 మీటర్లు పోయేసరికి ఎదురుగా బొగ్గు లేదు. ఇసుకరాయి గోడ. ఎవరికీ దెబ్బ తగలలేదు. అంతవరకు అదృష్టం. కాకా నా చేతిలో పెట్టిన ఆ నున్నటి ముక్క ఆ గోడదే. ఫాల్టు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి బోరులో అది పైన, 67 మీటర్ల దగ్గరే కనిపించి పోయింది.

విచిత్రమేమిటంటే బొగ్గు మాయం కాలేదు. 36 మీటర్లు కిందికి జారింది. అంతే. టన్నులు లెక్కేస్తే నేను పెద్దగా తప్పలేదు. ఫాల్టు అవతల సుమారు 45 లక్షల టన్నులు ఉన్నాయన్నాను, ఉన్నాయి. కానీ ఆ బాయి నుంచి దాన్ని చేరాలంటే రాతిలో కొత్త దారి తవ్వాలి, నీళ్లు తోడాలి. ఖర్చు గిట్టదని ఆ సగం వదిలేశారు. ఇప్పటి పద్ధతిలో చెప్పాలంటే మూడో అంకె అలాగే ఉంది, మొదటి రెండూ పడిపోయాయి.

ఆ అవతలి సగానికి గాలి షాఫ్టు కోసమని అప్పటికే పన్నెండు ఎకరాలు తీసుకున్నారు. పత్తి, కంది పండే చేన్లు. షాఫ్టు తవ్వలేదు. ముళ్లకంచె వేసిన భూమిలో తుమ్మలు మొలిచాయి. నేను అటు సర్వేకు వెళ్లినప్పుడు ఒక పెద్దాయన కంచె దగ్గర ఆపి అడిగాడు. "బొగ్గు తీస్తమని తీస్కున్నరు గద సారూ. తియ్యకపోతే మా చేను మాకియ్యరాదు?" కోపంగా కూడా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు. నేను 'పై ఆఫీసులో అడగాలి' అని చెప్పి జీపు ఎక్కాను. ఆ పన్నెండు ఎకరాల ఫైలులో మొదటి కాగితం నా రిపోర్టు అని ఆయనకు తెలియదు.

ఆ వారమే మా పై అధికారి దగ్గరికి వెళ్లి, పాత లాగు పుస్తకం ముందు పెట్టి, 67 మీటర్ల దగ్గర నేనేం రాశానో చూపించాను. దిద్దిన రిపోర్టు రాశాను. భూమి మాత్రం నేను ఉన్నంతకాలం వెనక్కి వెళ్లలేదు. అప్పటి నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. డ్రిల్లరు చెప్పిన మాటను డ్రిల్లరు మాటల్లోనే లాగులో రాయడం. రెండు చుక్కల మధ్య గీత కుదరనప్పుడు, గీతను వంచకుండా ఇంకో బోరు అడగడం. కొన్నిసార్లు ఇచ్చారు, కొన్నిసార్లు ఇవ్వలేదు. ఇవ్వనప్పుడు అడిగానని రిపోర్టులో రాశాను.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఇంకెన్నేళ్లు?

2023 ఏప్రిల్ 1 నాటి భూగర్భ సర్వే లెక్క ప్రకారం దేశంలో బొగ్గు వనరులు 37,821 కోట్ల టన్నులు. 2023-24లో దేశం తవ్వినది సుమారు 100 కోట్ల టన్నులు. భాగిస్తే 378 ఏళ్లు. తెలంగాణలో సుమారు 2,300 కోట్ల టన్నులు, అదే సంవత్సరం సింగరేణి తీసినది సుమారు 7 కోట్ల టన్నులు. భాగిస్తే మూడు వందల ఏళ్లకు పైనే. మైకుల్లో ఈ భాగహారం మీరు వినే ఉంటారు. లెక్క తప్పు కాదు. భాగించిన అంకె తప్పు.

ఆ 37,821లో రుజువైనదీ ఉంది, సూచితమూ ఉంది, ఊహితమూ ఉంది. 1,200 మీటర్ల లోతు వరకు ఉన్నదంతా ఉంది. మూడు వందల మీటర్ల లోపు ఉన్నది ఒక సంగతి, ఆరు వందలు దాటినది ఇంకో సంగతి. అందులో కొంత ఊళ్ల కింద, కొంత గోదావరి కింద, కొంత అడవి కింద ఉంది. భూగర్భ బాయిలో కప్పు నిలవడానికి పిల్లర్లు వదలాలి. ఫాల్టుల పక్కన వదలాలి. తీసిన దాంట్లోనూ రకాలున్నాయి. 2012 నుంచి బొగ్గును వేడి శక్తి ప్రకారం జీ-1 నుంచి జీ-17 వరకు పదిహేడు తరగతులు చేశారు. కిలోకు 7,000 కిలోకేలరీలు దాటితే మొదటిది, 2,200 నుంచి 2,500 మధ్య ఉంటే చివరిది. టన్నులు కలిపేటప్పుడు రెండూ టన్నే. బాయిలర్లో రెండూ ఒకటి కావు. పైగా రేపు కరెంటు బొగ్గుతోనే చేస్తారా, ఎండతో చేస్తారా అన్నది బోరులో కనిపించదు.

కాబట్టి నా జవాబు ఇది. నేల కింద బొగ్గు అయిపోయి మన ఊరు బాయిలు మూతపడవు. బొగ్గు ఉండగానే మూతపడతాయి. ఇల్లందు వైపు మూసిన పాత బాయిల చుట్టూ తిరిగినవాళ్లకు ఇది కొత్త మాట కాదు. కాబట్టి 'మూడు వందల ఏళ్లు' అన్న మాట నమ్మి పిల్లల చదువు నిర్ణయించకండి. ఎవరైనా అంకె చెప్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎంత లోతులో? ఎన్ని మీటర్లకు ఒక బోరు? ఎంత ఖర్చుకు? మీ ఊరు పేరు ఆ నక్షాలో ఉంటే నాలుగోది కూడా అడగండి. తీయకపోతే భూమి ఏం చేస్తారు? నాకు ఆ పెద్దాయన నేర్పిన ప్రశ్న అది.

చివరగా, మన బడి సైన్సు ల్యాబుకు ఒక కోరు పెట్టె తెచ్చాను. అనుమతితోనే తెచ్చాను, హెడ్మాస్టరు గారు కంగారు పడొద్దు. అందులో ఇసుకరాయి, షేలు, బొగ్గు, ఆకు అచ్చుపడిన ఒక ముక్క ఉన్నాయి. మధ్యలో ఒక చోట రాయి లేదు, చెక్కముక్క ఉంది. దాని మీద '0.60 పోయింది' అని రాసి ఉంటుంది. కోరు రాని చోట మేము అలా చెక్క పెట్టి రాస్తాం. పెట్టె నిండుగా కనిపించాలని ఎవరూ ఆ చెక్కముక్క తీసి పక్క రాళ్లు దగ్గరికి జరపొద్దని విద్యార్థులకు నా మనవి. అది లేకపోతే దాని కిందున్న లోతులన్నీ తప్పవుతాయి.

ఈ బడి నాకు అక్షరం ఇచ్చింది, లెక్క ఇచ్చింది, ఆ లెక్కకు ముందు 'ఉజ్జాయింపు' అని రాయడం నేర్పింది.